విత్తమునకు ఐదు పాళ్ళు

పురుషార్థములను చెప్పేటప్పుడు మన పెద్దలు ధర్మమును మొదట, మోక్షమును చివర నిలిపి, అర్థకామములను ఆ రెంటి నడుమ ఉంచారు. అర్థకామములు ధర్మమునకు లోబడి, మోక్షమునకు అభిముఖముగా సాగవలెనన్నది ఆ క్రమములోని సారమని ఎన్నో ప్రవచనములలో విన్నాము. అయితే నెల మొదటి తారీఖున జీతము అందుకున్న ఇరువది నాలుగేండ్ల యువకునికి ఈ సిద్ధాంతము ఏ విధముగా ఉపయోగపడుతుంది? శుక్రవారము సాయంకాలము కార్యాలయము విడిచినది మొదలు సోమవారము ఉదయము వరకు అతని వశములో ఉండే అరవై గంటలలో ధర్మమెంత, అర్థమెంత, కామమెంత? ఈ ప్రశ్న నాకు నెలజీతముతోపాటే వచ్చింది. పదునాలుగు నెలల అనుభవములో దానికి దొరికిన సమాధానమును సాధకమిత్రుల ముందు ఉంచుతున్నాను.

మాది చంద్రగిరి. తిరుపతికి 10–12 కిలోమీటర్ల దూరములో, స్వర్ణముఖికి చేరువలో, కోటకొండ నీడన ఉన్న ఊరు. నాయనకు చిన్న కిరాణా అంగడి. నాకు చెన్నైలో ఉద్యోగము. శుక్రవారము రాత్రికి రైలెక్కి తిరుపతిలో దిగి, అక్కడి నుండి బస్సులో ఇల్లు చేరుతాను. శని, ఆదివారములు ఇంటిలోనే. చేతికి వచ్చే జీతము 32,000 రూపాయలు. నా చదువు చివరి సంవత్సరములో రుసుము కట్టే గడువు దగ్గరపడినప్పుడు అమ్మ తన ఆరు సవర్ల గాజులను బ్యాంకులో కుదువ పెట్టి 1,80,000 రూపాయలు తెచ్చింది. ఆ రశీదు పూజగదిలో స్వామి పటము వెనుక ఉన్నది. నాకు ఉద్యోగము వచ్చిన తరువాత అమ్మ ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. కానీ ప్రతి శనివారము ఉదయము ఆమె నాకు కాఫీ అందించినప్పుడు ఆ చేతికి మట్టిగాజులే కనబడతాయి. నా విత్తవిచారమంతా ఆ చేతిని చూడడముతోనే మొదలైంది.

మా సీమలో డబ్బును ‘దుడ్లు’ అంటారు, ‘లెక్క’ అని కూడా అంటారు. “వాని దగ్గర లెక్క లేదు” అంటే డబ్బు లేదని అర్థము. ఈ మాటలో ఒక తత్త్వమున్నదని నాకు తోస్తుంది. లెక్కకు వచ్చినదే ధనము. లెక్కకు రానిది చేతిలో ఉన్నా లేనట్టే. తిరుమలలో హుండీ కానుకలను లెక్కించడమునకు ‘పరకామణి’ అని పేరు. సర్వేశ్వరుని సన్నిధిలో సమర్పించిన నాణెమును కూడా నాణెమునకు నాణెముగా లెక్కిస్తారు. భక్తి ఉన్నచోట లెక్క ఎందుకని అక్కడ ఎవరూ అనరు. లెక్క అంటే లోభమనుకునే అలవాటు మనలో కొందరికి ఉన్నది. ఏడుకొండలవాని ఇంటిలోనే లెక్క నిత్యకృత్యమైనప్పుడు, మన జేబులోని రూపాయికి లెక్క వ్రాయడము వైరాగ్యమునకు విఘ్నము ఎలా అవుతుంది?

లెక్క వ్రాయడము సులభమే. ఏ లెక్క ప్రకారము ఖర్చు చేయాలన్నది కష్టము. నాకు ఇక్కడ దారి చూపినది భాగవతము అష్టమ స్కంధములోని శుక్రాచార్యుల ఉపదేశము. వామనుడు మూడడుగుల నేల యాచించినప్పుడు, వచ్చినవాడు విష్ణువని గుర్తించిన శుక్రుడు బలిచక్రవర్తిని వారిస్తాడు. ఆ సందర్భములోనే గృహస్థుడు తన విత్తమును ఐదు పాళ్ళుగా విభజించుకోవాలని చెబుతాడు. ధర్మమునకు ఒక పాలు, యశస్సుకు ఒకటి, మరల అర్థమును సంపాదించడమునకు ఒకటి, కామమునకు ఒకటి, స్వజనమునకు ఒకటి. అలా విభజించుకున్నవాడు ఇహములోనూ పరములోనూ సంతోషముగా ఉంటాడని ఆచార్యుల అభిప్రాయము.

ఈ విభాగములో నన్ను మొదట ఆశ్చర్యపరచినది కామమునకు ఇచ్చిన స్థానము. యువకుని వారాంత వినోదమును పెద్దలు రెండు విధములుగానే చూస్తారు: మందలించవలసినదిగానో, చూసీచూడనట్టు వదిలిపెట్టవలసినదిగానో. శుక్రాచార్యులు ఆ రెండూ చేయలేదు. దానికొక పాలు కేటాయించారు. పాలు ఉన్నదంటే హక్కు ఉన్నది. పాలు ఉన్నదంటే హద్దు కూడా ఉన్నది.

గదిఅద్దె, భోజనము, ప్రయాణములకు నెలకు 14,000 తీసివేయగా మిగిలిన 18,000 రూపాయలను నేను ఇలా విభజించుకున్నాను. స్వజనమునకు 9,000, ఇది గాజుల ఋణమునకు. అర్థమునకు 4,500. కామమునకు 2,500. ధర్మమునకు 1,500. యశస్సుకు 500. ఆచార్యులు ఐదు పాళ్ళన్నారు గాని అవి సమానముగా ఉండాలని నాకు అర్థము కాలేదు. కుటుంబ ఋణము తీరని వానికి స్వజనభాగము పెద్దది కావడము న్యాయమనే నా బుద్ధికి తోచింది. ప్రతి శనివారము పూజ అయిన తరువాత అరగంటసేపు పుస్తకము తెరచి, ఆ వారము ఖర్చులను ఈ ఐదు శీర్షికల క్రింద వ్రాస్తాను. అవ్వ ప్రక్కన కూర్చుని వింటుంది. ఆమెకు చదువు రాదు గాని, కూడిక నాకన్నా ముందు చెబుతుంది.

ఇక్కడే అసలైన చిక్కు ఎదురైంది. ప్రతి ఖర్చునూ ఏదో ఒక శీర్షిక క్రింద వ్రాయాలంటే, ఆ ఖర్చు ఎందుకు చేస్తున్నామో తెలియాలి. వారాంతములో మనము చేసే ఖర్చులను సహజముగా కామము క్రింద వ్రాస్తాము, ఇష్టమైనవి గదా! కానీ ఒక్కొక్క దానిని పరిశీలిస్తే వాటిలో అధికభాగము మన ఇష్టము కోసము చేసినవి కావని తేలుతుంది. పదిమంది వెళ్ళిన హోటలుకు మనమూ వెళ్ళామనిపించుకోవడమునకు, పదిమంది తొడిగిన బూట్లను మనమూ తొడిగామనిపించుకోవడమునకు, ఫోటోలో మనమూ ఉన్నామనిపించుకోవడమునకు చేసినవే ఎక్కువ. అవి యశస్సు పాలులోనివి. కామము పేరు పెట్టుకుని యశస్సు వచ్చి కూర్చుంటుంది. వేరువేరుగా వ్రాయనంతకాలము ఈ వేషము బయటపడదు.

గత సంవత్సరము మూడు దినముల సెలవు ఒకటి వచ్చింది. నాతో పనిచేసేవారు సముద్రతీరములోని ఒక విహారస్థలమునకు ప్రయాణము కట్టారు. మనిషికి 9,000 రూపాయలు. సంకోచిస్తున్న నాతో ఒక మిత్రుడు, “కార్డు మీద ఆరు నెలల వాయిదాలు పెట్టుకోరా, నెలకు పదిహేను వందలే గదా!” అన్నాడు. ఆ రాత్రి పుస్తకము తెరచి, ఈ తొమ్మిది వేలను ఏ శీర్షిక క్రింద వ్రాయాలని ఆలోచించాను. సముద్రము చూడాలన్న కోరిక నాకు ఉన్నమాట నిజము. చెన్నైలో నా గదికి సముద్రము అరగంట దూరము. చూడడమునకు రుసుము లేదు. సముద్రమును తీసివేస్తే మిగిలినది, సోమవారము నాడు అందరూ చెప్పుకునే ముచ్చటలో నా పేరు కూడా ఉండాలన్న ఆశ. అది యశస్సు. ఆ పాలులో ఉన్నది 500. తొమ్మిది వేలు ఎక్కడ నుండి రావాలి? ఆ అంకె సరిగ్గా స్వజనభాగముతో సమానముగా ఉన్నది. అమ్మ చేయి గుర్తుకు వచ్చింది. రాలేనని చెప్పాను.

దీనికి మూల్యము లేకపోలేదు. సోమవారము వారంతా ఏదో మాటకు నవ్వుకుంటుంటే ఆ నవ్వులో నాకు భాగము లేదు. ఇరువది నాలుగేండ్ల వయస్సులో ఆ ఒంటరితనము చిన్నదేమీ కాదు. యశస్సును తుచ్ఛమని త్రోసివేయకుండా ఆచార్యులు దానికీ ఒక పాలు ఎందుకు ఉంచారో ఆ దినము అర్థమైంది. నలుగురిలో ఒకడుగా ఉండడము మనుష్యునికి అవసరము. పెళ్ళిలో చదివింపులు, మిత్రుని పుట్టినరోజు, పంక్తిలో అందరితోపాటు కూర్చుని తినే భోజనము, ఇవన్నీ ఆ పాలులోనివే. పాలు చిన్నదైతే ఖర్చు తగ్గించుకోవచ్చు గాని సంబంధమును తగ్గించుకోనక్కరలేదు. అందుచేత తరువాతి వారము ఆ బృందములోని ఇద్దరిని మా ఊరికి ఆహ్వానించాను.

శనివారము సాయంకాలము కోటకు వెళ్ళాము. రాజమహలు మూడంతస్తులను, ప్రక్కనున్న రాణీమహలును చూశాము. 1485లో విజయనగర సింహాసనమును అధిష్ఠించకమునుపు సాళువ నరసింహుడు ఈ చంద్రగిరి ప్రభువే. ఆదివారము తెల్లవారుజామున శ్రీనివాసమంగాపురము మీదుగా శ్రీవారిమెట్టు చేరి కొండ ఎక్కాము. 2,388 మెట్లు. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనములో పంక్తిలో కూర్చుని భోజనము చేశాము. కోటీశ్వరునికీ కూలివానికీ అక్కడ ఒకే ఆకు, ఒకే వడ్డన. ఆ రెండు దినములకు నా పుస్తకములో కామము శీర్షిక క్రింద పడినది 640 రూపాయలు. వారిద్దరూ ఇప్పటికీ ఆ కొండ సంగతే చెప్పుకుంటారు.

ఆ మెట్ల మీద అలసి కూర్చున్నప్పుడే, నాకు వాయిదాల సలహా ఇచ్చిన మిత్రుడు తన సంగతి చెప్పాడు. అతని కార్డు మీద బాకీ 50,000. బిల్లులో కనీస మొత్తమని చూపే 2,500 రూపాయలను నెలనెలా తప్పకుండా కడుతున్నాడు. కడుతున్నా బాకీ తరగడము లేదు. వడ్డీ ఎంతని అడిగితే “మూడున్నర శాతమే” అన్నాడు. సాయంకాలము ఇంటికి వచ్చిన తరువాత కాగితము మీద లెక్క వేశాము. నెలకు వడ్డీ 1,750. ఆ వడ్డీ మీద 18 శాతము పన్ను 315. అంటే 2,500లో 2,065 రూపాయలు అక్కడికే సరి. అసలు నుండి తరిగేది 435.

ఇదంతా వింటున్న అవ్వ తన భాషలోనికి మార్చుకుంది. “నూటికి మూడున్నర రూపాయల వడ్డీనా? నెలకా? ఆ లెక్కకు మన ఊర్లో ఎవురూ అప్పు తీసుకోరే నాయనా!” అన్నది. మిత్రుడు నిర్ఘాంతపోయాడు. మూడున్నర శాతమంటే అల్పమనిపించినది, మూడున్నర రూపాయల వడ్డీ అనేసరికి కంఠమునకు ఉరిలాగా తోచింది. మన పల్లెలలో ఎంత నిరక్షరాస్యులైనా రూపాయి వడ్డీ అంటే ఊరట, రెండు రూపాయలంటే బరువు, మూడు రూపాయలంటే ప్రమాదమని ఎరుగుదురు. నెల వడ్డీని పన్నెండుతో గుణిస్తే సంవత్సరమునకు 42 శాతము. ఏమీ కట్టక విడిచిపెడితే చక్రవడ్డీతో ఇరువది నెలలలో బాకీ రెట్టింపు అవుతుంది. భాష మారితే వివేకము మేల్కొంటుందనడమునకు ఇంతకన్న నిదర్శనము నేను చూడలేదు.

ధర్మశాస్త్రములు కూడా ఈ లెక్కను వదిలిపెట్టలేదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో వసిష్ఠుని పేర చెప్పిన వడ్డీ, నెలకు అసలులో ఎనుబదియవ వంతు. అంటే అవ్వ భాషలో నూటికి రూపాయి పావలా. సంవత్సరమునకు 15 శాతము. కౌటిల్యుని అర్థశాస్త్రము కూడా నూరు పణములకు నెలకు పణమూ పాతికనే ధర్మ్యమైన వడ్డీ అన్నది. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్నది మరొక నియమము. హిందూన్యాయములో దీనికే ‘దామ్‌దుపట్’ అని పేరు. ఋణదాతకు హద్దు గీసిన ఋషులు, ఋణగ్రస్తుని భయమును ఎంతగా ఎరిగి ఉంటారు! నా మిత్రుడు ఆ కార్డును పెట్టెలో పెట్టి, తరువాతి నెల నుండి 8,000 చొప్పున కడుతున్నాడు. శని, ఆదివారములలో అతని ముఖము ఇప్పుడు తేలికగా ఉంటుంది.

ఋణమును గురించి మాట్లాడేటప్పుడు మా ప్రాంతమువారికి వడ్డికాసులవాడు గుర్తుకు రాక మానడు. పద్మావతీ పరిణయము కోసము స్వామి కుబేరుని వద్ద ధనము అప్పు తీసుకున్నాడని, ఆ పత్రమునకు బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షము సాక్షులని స్థలపురాణము. వివాహానంతరము స్వామి అమ్మవారితో కొంతకాలము నివసించిన చోటని మేము నమ్మే శ్రీనివాసమంగాపురము మా ఇంటికి కూతవేటు దూరము. లక్ష్మీపతికి అప్పేమిటని హేతువాదులు నవ్వవచ్చు. నేను ఆ కథలో చూసేది వేరు. అప్పు తీసుకున్నది శుభకార్యము కోసము. పత్రము వ్రాసి, సాక్షుల ఎదుట తీసుకున్నాడు. తీరుస్తున్నాడని లోకమంతటికీ తెలుసు. ప్రయోజనము, పత్రము, నిత్యము తీర్చే నిష్ఠ, ఈ మూడూ ఉన్న ఋణమునకు సిగ్గుపడనక్కరలేదు. అమ్మ కుదువపెట్టిన గాజుల ఋణము అటువంటిది. విహారయాత్రకు ఆరు వాయిదాలలో మొదటిదే లేదు.

ఇక అర్థమునకు పెట్టిన పాలు. సంపాదించిన దానిలో కొంత మరల సంపాదనకే వినియోగించడము అత్యాశ గదా అని ఒకప్పుడు నాకు సందేహము కలిగింది. దీనికి సమాధానము తిరుమల శాసనములలో దొరికింది. 1930వ దశకములో దేవస్థానమువారు సంపుటములుగా ప్రచురించిన ఆ శాసనములను చూస్తే, విజయనగర కాలములో దాతలు నిత్యనైవేద్యము కోసము శ్రీభండారమునకు సమర్పించిన ధనము ఎలా వినియోగమైనదో తెలుస్తుంది. ఆ ధనముతో దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించేవారు. నీరు పారిన పొలములో అధికముగా పండిన పంట నుండి స్వామికి నైవేద్యము సాగేది. దాత సమర్పించిన ధనము చెరువై నిలిచేది. దాని ఫలము ప్రతిదినమూ ప్రసాదమయ్యేది. ధనమును వండుకు తినడమునకూ, ధనముతో చెరువు త్రవ్వడమునకూ ఉన్న భేదము ఇదే.

నా 4,500 రూపాయలు మొదటి పది నెలలు ఆపద్ధనముగా పోగై 45,000 అయినవి. ఉద్యోగము పోయినా, అనారోగ్యము వచ్చినా మూడు నెలలు ఎవరి ముందూ చేయిచాచకుండా బ్రతకగల మొత్తమది. శాస్త్రములో ‘యోగక్షేమము’ అన్న మాటకు శంకర భగవత్పాదులు చెప్పిన అర్థము ప్రసిద్ధము: లేనిది లభించడము యోగము, లభించినదానిని రక్షించుకోవడము క్షేమము. జీతము యోగము. ఆపద్ధనము క్షేమము. యువకులమైన మేము యోగమును గురించి మాట్లాడినంతగా క్షేమమును గురించి మాట్లాడము. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు ఇచ్చే అనుశాసనములో, సత్యధర్మములతోపాటు క్షేమమునూ ఐశ్వర్యమునూ ఏమరవద్దన్న హెచ్చరిక ఉన్నది. ఆత్మవిద్య బోధించిన గురువే ఆ మాట చెప్పాడని గమనించాలి. పది నెలలు నిండిన తరువాత ఆ పాలును కూడా గాజుల ఋణమునకే మళ్ళించాను. ఇప్పుడు మిగిలిన బాకీ 50,000కు లోపు. మరి నాలుగు నెలలు.

ఐదు పాళ్ళ పద్ధతిలో మరొక రక్షణ కూడా ఉన్నదని ఆలస్యముగా తెలిసింది. పొదుపు రుచి తెలిసినవానికి పొదుపే వ్యసనము కావచ్చు. జపమాల త్రిప్పుతుండగా మనస్సు బ్యాంకు నిల్వను త్రిప్పుతుండడము సాధకులు చాలామంది ఎరిగినదే. యోగశాస్త్రము అపరిగ్రహమును యమములలో చేర్చినది ఇందుకే. పోగుచేయడమునకు హద్దు లేకపోతే, విహారయాత్రలో పోయే మనశ్శాంతి పాసుపుస్తకములో పోతుంది. అర్థమునకు ఒక పాలే ఉన్నది; అది కామము పాలును గాని ధర్మము పాలును గాని మింగరాదు. ఒక నెల నేను సినిమాకు, తినుబండారములకు పెట్టుకున్న దానిలో పదిహేను వందలు మిగిల్చి బాకీకి కట్టబోతే, అమ్మ ఆ నోట్లు నా చేతిలోనే తిరిగి పెట్టింది. “గాజులు యాడికీ పోవులే అబ్బోడా. నీ వయసు పోతాది. ముందు కడుపునిండా తిను” అన్నది. ఆనాటి నుండి కామము పాలును నెలాఖరుకు పూర్తిగా ఖర్చు చేస్తున్నాను. నాయనను, అమ్మను, అవ్వను తిరుపతికి తీసుకుపోయి సినిమా చూపించిన ఆదివారము కూడా ఆ పాలులోనిదే.

చివరిగా ఒక మాట. ఐదు పాళ్ళ ఉపదేశము చేసిన సందర్భమును మరువరాదు. శుక్రాచార్యులు ఆ మాట చెప్పినది దానమును ఆపడమునకు. బలి వినలేదు. ఇచ్చిన మాట తప్పలేక, ఐదు పాళ్ళనూ ఒకే పాలుగా చేసి స్వామి పాదమునకు సమర్పించాడు. లోకము ఆచార్యుల నీతిని గౌరవిస్తుంది. బలి పేరును స్మరిస్తుంది. అయితే ఆ ఉపదేశము వ్యర్థమా? కాదనే నా విశ్వాసము. యాచకుడై సాక్షాత్తు ఆయనే వచ్చి నిలిచే వరకు, నిత్యజీవితమునకు ఆ విభాగమే ధర్మమార్గము. ఆయన వచ్చినప్పుడు గుర్తించి, లెక్క చూడకుండా ఇవ్వగలగడము అంతకు మించిన ధర్మము.

రుసుము గడువు ముందునాటి సాయంకాలము అమ్మ ఐదు పాళ్ళు వేయలేదు. చేతులకున్నవి రెండు నిమిషములలో తీసి గుడ్డలో కట్టి నాయన చేతిలో పెట్టింది. ఆ దానమును తిరిగి తీర్చడము ఎవరి వల్లా కాదు. బ్యాంకులో ఉన్న ఋణమును మాత్రమే తీర్చగలను. అది తీర్చడమునకే నాకు ఈ ఐదు పాళ్ళు, ఈ పుస్తకము, శనివారపు ఈ అరగంట. చదువుతున్న యువమిత్రులలో ఎవరైనా ఈ వారాంతము నుండి లెక్క వ్రాయదలచుకుంటే, మొదట ఒక్క నెల ఖర్చులను కామము, యశస్సు అని రెండు వరుసలలో విడదీసి వ్రాసి చూడండి. మిగిలిన మూడు పాళ్ళకూ ధనము ఎక్కడ ఉన్నదో ఆ రెండు వరుసలే చూపుతాయి.

స్వస్తి.